రాజ్యం లేని సమసమాజం సాధ్యమా? కరీంనగర్ పల్లెల అనుభవం వెలుగులో ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

రాజ్యం లేకుండా సమసమాజం సాధ్యమా అనే ప్రశ్న పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపాలో పదునెక్కినదే అయినా, దాని జవాబు వెదకడానికి మనం అంత దూరం పోనక్కరలేదు. కరీంనగర్ జిల్లా చొప్పదండికి వాయవ్యాన జగిత్యాల, నైరుతిన సిరిసిల్ల ఉన్నాయి. దొర గడి, పట్వారీ దస్తరం, రైతుకూలీ సంఘం, దళాల ప్రజాకోర్టు, పోలీసు క్యాంపు అనే ఐదు రకాల అధికారాలను ఒకే తరం కళ్లారా చూసిన ప్రాంతమిది. ఈ అనుభవాన్ని గీటురాయిగా పెట్టుకొని అరాచకవాదాన్ని పరీక్షించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

వాడుకలో అరాచకమంటే అల్లరి, అదుపులేనితనం. సిద్ధాంతంలో దాని అర్థం అది కాదు. ప్రభుత్వం, పోలీసు, బలవంతపు పన్ను లేకుండానే, మనుషులు ఇష్టపూర్వకంగా కట్టుకొన్న సంఘాల ద్వారా ఉత్పత్తిని, పంపకాన్ని నడుపుకోగలరనే నమ్మకమే అరాచకవాదం. ఆ నమ్మకాన్ని ఎగతాళి చేయడం సులభం. అది విమర్శ అనిపించుకోదు.

1. సిద్ధాంతంలోని బలం

రాజ్యం చివరకు అంతరించాలన్న విషయంలో మార్క్స్‌కు, బకూనిన్‌కు పేచీ లేదు. తగాదా దారి గురించి. కార్మికులు ముందుగా రాజ్యాన్ని చేజిక్కించుకోవాలన్నాడు మార్క్స్. కార్మికుల పేరుతో ఏర్పడిన రాజ్యమే కొత్త పాలకవర్గాన్ని పుట్టిస్తుందని బకూనిన్ హెచ్చరించాడు. 1872 హేగ్ మహాసభ అతనిని బహిష్కరించింది. కాని ఇరవయ్యవ శతాబ్దపు చరిత్ర అతని హెచ్చరికను కొట్టివేయలేదు. 1902లో క్రొపోత్కిన్ 'పరస్పర సహాయం' గ్రంథంలో, పోటీతోపాటు సహకారం కూడా జీవజాతుల మనుగడకు ఆధారమని వాదించాడు. అంతకు ముందే, 1894లో, టాల్‌స్టాయ్ కొండమీది ప్రసంగం నుండే రాజ్య నిరాకరణకు చేరుకొన్నాడు. గాంధీజీ 1946లో ఊహించిన సముద్ర వలయాల వంటి గ్రామ వ్యవస్థ కూడా ఈ కోవలోనిదే.

ఈ ఆలోచనాపరులందరూ అడిగిన ప్రశ్న ఒకటే: పైనుండి కర్ర లేకపోతే మనుషులు కలిసి బ్రతకలేరా? బ్రతకగలరనే మేమూ అంటున్నాము. అయితే అడగవలసిన రెండవ ప్రశ్న ఒకటుంది. కలిసి బ్రతికేవారే ఒకరికి అన్యాయం చేస్తే, ఆ ఒక్కరు ఎవరికి మొరపెట్టుకోవాలి?

2. చెరువు కింది సహకారం

తెలంగాణ పల్లెలో క్రొపోత్కిన్‌కు కావలసినంత సాక్ష్యం దొరుకుతుంది. చెరువులో నీళ్లు తక్కువైన ఏడాది రైతులు కూర్చొని ఎంత మేరకు నాట్లు వేయాలో తైబందీ చేసుకొంటారు. నీరటికాడు తూము తీసి వంతుల ప్రకారం మళ్లకు నీళ్లు పారిస్తాడు. దీనికి పోలీసు కాపలా అక్కరలేదు.

అయితే అదే ఊరిలో వెట్టి కూడా నడిచింది. దొర ఇంటికి ఏ కులం ఏ చాకిరీ చేయాలో రాసిన చట్టం ఏదీ లేకపోయినా తప్పించుకొన్నవారు అరుదు. నీళ్ల వంతును నిలబెట్టిన ఊరికట్టే వెట్టి వంతునూ నిలబెట్టింది. మాల మాదిగ వాడలకు గడి ముందు మాట లేదు. గడి దాటి మొరపెట్టుకొనే చోటూ లేదు. నిజాం రాజ్యం హైదరాబాదులో ఉన్నా, రోజువారీ బ్రతుకులో దొరే రాజ్యం. రాజ్యం దూరమైనచోట స్వేచ్ఛ తనంతట తాను మొలకెత్తదని దీనివలన తెలుస్తున్నది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని ఆదర్శంగా చూడడాన్ని అంత కటువుగా తిరస్కరించింది ఇందుకే.

3. కాలిన దస్తరం, రాయని దస్తరం

సాయుధ పోరాట కాలంలో అనభేరి ప్రభాకరరావు దళం ఈ జిల్లా గ్రామాలలో పటేలు పట్వారీల రికార్డులను తగులబెట్టింది. 1948 మార్చి 14న మహమ్మదాపూర్ గుట్టల్లో ఆయన, ఆయన సహచరులు ప్రాణాలర్పించారు. ఆ మంటల న్యాయాన్ని మేము శంకించడం లేదు. అప్పు పత్రం, భూమి లెక్క పేదవాని మెడకు ఉరిగా మారినప్పుడు అవి కాలక తప్పదు. కాని దున్నేవాని పేరు మరొక కాగితం మీదికి ఎక్కేదాకా ఆ భూమి అతనిది కాలేదు.

ముప్పయ్యేళ్లకు అదే ప్రశ్న తిరిగి వచ్చింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. సంఘాలు వెట్టిని ఆపాయి. దొరలు వసూలు చేసిన దండుగలను తిరిగి ఇమ్మన్నాయి. బంజర్లను ఆక్రమించాయి. లొంగని దొరలను ఊరంతా సాంఘికంగా బహిష్కరించింది. రాజ్యం సహాయం లేకుండా పేదలు సాధించిన మార్పు ఇది. అరాచకవాది దీనిని తన వాదానికి ఉదాహరణగా చూపవచ్చు. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆపైన ఒకవైపు అప్పీలు లేని ప్రజాకోర్టు, మరొకవైపు విచారణ లేని ఎన్‌కౌంటర్ మిగిలాయి. ఉద్యమ నాయకత్వం కోరినది కూడా రాజ్యం లేని సమాజం కాదు, వేరొక రాజ్యం. నడుమ నలిగినది బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులు.

4. దానానికీ పట్టా కావాలి

అహింసా మార్గం ఈ చిక్కును దాటిందా? 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా ఎదుట వంద ఎకరాలు దానమిచ్చారు. శాసనంతో పనిలేని సమాజమే వినోబా ఆశయం. కాని ఇచ్చిన భూమి పుచ్చుకొన్నవానికి నిలవాలంటే చట్టం కావలసి వచ్చింది. 1965లో ఆంధ్రప్రదేశ్ భూదాన, గ్రామదాన చట్టం చేశారు. అటు తరువాత కూడా అనేక భూదాన భూములు పేదలకు అందక, లేదా చేతులు మారి, వివాదాలలో చిక్కుకొన్నాయి. దాత మనస్సు మారితే సరిపోలేదు. దాత వారసులు అడ్డం తిరిగిన నాడు చూపడానికి పేదవాని చేతిలో కాగితం ఉండాలి.

ఐరోపా అనుభవం కూడా దీనికి దగ్గరగానే ఉన్నది. 1936లో స్పెయిన్‌లోని అరగాన్ రైతులు భూములను ఉమ్మడి చేసి సాగుచేశారు. యుద్ధం ముంచుకురాగా ఆ ఏడాది నవంబరులో నలుగురు అరాచకవాదులే మంత్రులుగా ప్రభుత్వంలో చేరవలసి వచ్చింది. 1937 ఆగస్టులో వారి అరగాన్ మండలిని రద్దు చేసినది ఫ్రాంకో కాదు, వారు చేరిన గణతంత్ర ప్రభుత్వమే.

5. యెరూషలేములో వినబడిన సణుగు

ఉమ్మడి ఆస్తి, బలవంతం లేని పంపకం గురించి మాట్లాడేటప్పుడు మన పాఠకులకు ఆది సంఘం గుర్తుకు రావడం సహజం. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో అందరికీ అన్నీ సమష్టిగా ఉన్నాయి. మన ప్రసంగాలు చాలావరకు అక్కడ ఆగిపోతాయి. 6వ అధ్యాయంలో అనుదిన పంపకంలో గ్రీకు భాష మాటలాడే విధవరాండ్రు వెనుకబడిపోయారన్న సణుగు పుట్టింది. పరిశుద్ధుల సమాజంలోనే ఇది జరిగింది. అక్కడ అపొస్తలులు ఫిర్యాదును అవిశ్వాసమని గద్దించలేదు. ఏడుగురిని ఏర్పరచుకొమ్మని సంఘానికే చెప్పి, సంఘం ఏర్పరచుకొన్నవారికి పని అప్పగించారు. ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లేనని వ్యాఖ్యాతలు గుర్తించారు. అంటే అన్యాయం జరిగిన పక్షం చేతికే పంపకం అందింది.

చొప్పదండి శాసనసభ స్థానం 2009 ఎన్నికల నుండి షెడ్యూల్డు కులాలకు కేటాయించబడింది. ఈ కేటాయింపు ఊరి ఇష్టపూర్వక సహకారం నుండి పుట్టలేదు. రాజ్యాంగం నుండి పుట్టింది. రాజ్యం లేని సమాజంలో ఈ కుర్చీని ఎవరు కాపాడతారో అరాచకవాదులు మాకు చెప్పలేకపోయారు.

ముగింపు

ఇంత చెప్పి రాజ్యాన్ని నెత్తికెత్తుకోవడం మా ఉద్దేశం కాదు. 1980ల మధ్యలో పటేలు పట్వారీలు పోయారు. 2020లో గ్రామ రెవెన్యూ అధికారులు పోయి ధరణి వచ్చింది. అందులోని తప్పులు దిద్దించుకోవడానికి రైతులు కార్యాలయాల చుట్టూ తిరిగారు. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. దస్తరం ఎవరి గుప్పిట్లో ఉంటే వారే దొర అన్న అరాచకవాద అనుమానం ఈనాటికీ సజీవమే.

మాకు మేలనిపించే దారి ఈ రెంటి నడుమ ఉన్నది. 2006 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిగింది. మస్టరు రోలులోని పేర్లను ఇంటింటికీ పోయి సరిచూశారు. నీవు ఎన్ని రోజులు పని చేశావు, ఎంత కూలి ముట్టింది అని కూలీనే అడిగారు. తరువాత మండల కేంద్రంలో అందరి ముందు ఆ లెక్క చదివారు. తేలిన సొమ్మంతా తిరిగి వసూలు కాలేదు. అయినా వేలిముద్ర వేసే ఒక స్త్రీ అధికారి ఎదుట నిలబడి, అది నా ముద్ర కాదు అని చెప్పగలిగింది.

రాజ్యం లేని సమసమాజం సాధ్యమా అనే ప్రశ్నకు, కులం ఉన్న ఊరిలో ఇప్పట్లో కాదు అనేదే మా జవాబు. అరాచకవాదం మనకు నేర్పవలసిన పాఠం మాత్రం మిగిలే ఉన్నది. లెక్క రాయడం రాజ్యం పని కావచ్చు, చదివి వినిపించుకొనే హక్కు ఊరిది. ఆ ఊరిలోనూ ముందుగా వినవలసినది వాడ చివరి ఇంటి గొంతును. మన సంఘాలు తమ లెక్కలను కూడా అలాగే చదివి వినిపించడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు.