డీబీ తలుపు లోపలి కాగితం

శ్రీకాళహస్తి గుడి చుట్టుపక్కల వీధుల్లో పాత ఇళ్లు కొన్ని లాడ్జీలయ్యాయి. రాహుకేతు పూజకు తెల్లవారకముందే వచ్చి దిగేవాళ్లకు గది కావాలి, గదిలో ఏసీ కావాలి, స్నానానికి గీజరు కావాలి. నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్ల లెక్కన వేసిన వైరింగు అంత లోడు మోయలేదు. అలాంటి ఓ మూడంతస్తుల భవనంలో పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజుల చెక్కబోర్డు తీసేసి కొత్తగా త్రీఫేజ్ డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) పెట్టారు. నేను చూసేసరికి బిగింపు పని అయిపోయింది. వైర్లు గోడలోకి వెళ్లిపోయాయి. ఇక మిగిలింది పరీక్షలు, రాతపని. చాలామంది పావుగంటలో ముగించే ఆ రాతపనికి అక్కడి ఎలక్ట్రీషియన్ ఒక పూటంతా కూర్చున్నారు. ఆ పూట పనితనం గురించే ఈ వ్యాసం.

మన దగ్గర ఈ పరీక్షల కాగితానికి చట్టం దన్ను ఉంది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల కింద, కొత్త కనెక్షన్ ఇచ్చేముందు సరఫరాదారే వచ్చి వైరింగును పరీక్షించాలి. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనలు ఇంకో దారి కూడా తెరిచాయి: లైసెన్సున్న కాంట్రాక్టరు పరీక్షించి ఇచ్చిన ఫలితాలను సరఫరాదారు ఒప్పుకోవచ్చు. 2023లో ఆ నిబంధనలను మళ్లీ తిరగరాశారు. అంటే కాంట్రాక్టరు సంతకం ఇప్పుడు కరెంటాఫీసువాళ్ల పరీక్షకు బదులుగా నిలబడుతోంది. అంత బరువున్న సంతకాన్ని చూడకుండా పెట్టేవాళ్లను చూశాను కాబట్టే, ఈయన పని నాకు అంత గొప్పగా అనిపించింది.

ముందు మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్ష. మెయిన్ ఆఫ్ చేసి, ఆర్‌సీసీబీలు విప్పి పక్కనపెట్టి, గదిగదికీ తిరిగి ఎల్‌ఈడీ బల్బులన్నీ ఊడదీసి బకెట్లో వేయించారు. ఒక్క బల్బు మిగిలినా రీడింగు తప్పు చూపిస్తుంది, మెగ్గర్ పంపే 500 వోల్టులు దాని లోపలి సర్క్యూట్ మీద పడి అదీ పోతుంది. ఆ తర్వాత ఒక్కో లైనుకూ ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య, ఫేజుకు ఎర్త్‌కు మధ్య, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య ఇన్సులేషన్ కొలిచారు. కనీసం 1 మెగోమ్ ఉండాలన్నది లెక్క. ఆయన కాగితం మీద ఎక్కడా ‘ఓకే’ అని లేదు. ప్రతి లైనుకూ వచ్చిన అంకె ఉంది. మీటరు కొలవగలిగిన దానికన్నా ఎక్కువున్న చోట ‘200 పైన’ అని ఉంది. ఐదేళ్ల తర్వాత ఇంకొకరు కొలిచి 3 మెగోమ్‌లు చూస్తే, 200 నుంచి పడిందా, మొదట్నుంచీ అంతేనా అన్నది ఈ అంకె చెబుతుంది. ‘ఓకే’ ఏమీ చెప్పదు.

రెండో అంతస్తు వెనకవైపు గీజరు లైను 0.4 చూపించింది. పాత వైరు, తడి గోడ. యజమాని ‘ఇప్పటికి కలిపెయ్, మళ్లా చూద్దాం’ అన్నాడు. ఆయన కలపలేదు. ఆ లైను వైర్లను ఎంసీబీ నుంచి విప్పి, కొసలకు కనెక్టర్లు బిగించి, ‘వాడకూడదు, వైరు మార్చాలి’ అని చీటీ కట్టారు. సర్టిఫికెట్లోనూ అదే మాట, రీడింగుతో సహా రాశారు. టెర్రస్ మీది మోటారు వైరింగు తను ముట్టుకోలేదు కాబట్టి ‘ఈ పరీక్షలో చేరలేదు’ అని ఇంకో వరుస రాశారు. తను దేనికి హామీ ఇస్తున్నాడో, దేనికి ఇవ్వడం లేదో రెండూ రాసినప్పుడే ఆ సంతకాన్ని నమ్మబుద్ధేస్తుంది.

మెట్ల లైటు దగ్గర పాతకాలపు దొంగ పని ఒకటి బయటపడింది. ఫేజు కింది అంతస్తుది, న్యూట్రల్ పై అంతస్తుది. ఫ్యూజుల కాలంలో అది నడిచిపోయింది. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూసే ఆర్‌సీసీబీ ఒక్కో అంతస్తుకూ విడిగా పెట్టాక, లైటు వేసిన ప్రతిసారీ ట్రిప్ అవుతుంది. ఆయన న్యూట్రల్‌ను కింది అంతస్తుకే లాగి సరిచేసి, చార్టులో ‘మెట్ల లైటు: ఫేజు, న్యూట్రల్ రెండూ కింది అంతస్తు నుంచే’ అని రాశారు.

ఇక లేబుళ్లు. ఈ ఊరి కలంకారీ తెరల్లో గళ్లుగళ్లుగా కథ వేసి, పక్కనే తెలుగులో అది ఏ ఘట్టమో రాస్తారు. ఈ డీబీ చార్టు నాకు అలాగే కనిపించింది. 8-వే త్రీఫేజ్ బోర్డు అంటే ఇరవై నాలుగు గళ్లు. ఎరుపు, పసుపు, నీలం ఫేజుల వరుసలో ప్రతి గడికీ నంబరు, ఎంసీబీ ఆంపియర్లు, వైరు సైజు, అది వెళ్లే చోటు. ఏ గది కరెంటు ఎక్కడాగుతుందో రాత్రి డ్యూటీ కుర్రాడికి తెలియాలి కాబట్టి అంతా తెలుగులోనే. ‘పెద్దాయన గది’, ‘స్టోరు’ లాంటి పేర్లు ఆయన ఒప్పుకోలేదు. మనుషులు మారతారు, స్టోరు రేపు ఏసీ గది అవుతుంది. అందుకే ‘రెండో అంతస్తు, వీధివైపు ఎడమ గది, ఏసీ’. ఖాళీ గళ్లకు ‘స్పేర్’ అనీ, మెయిన్ దగ్గర ‘మీటరు బోర్డు నుంచి’ అనీ కూడా ఉంది. నంబర్లున్న ఫెరూల్స్ లోపల ఒక్కో వైరుకూ తొడిగారు. మూత తీసి పక్కన పెట్టినా, ఎంసీబీ మార్చినా ఏ వైరు ఏదో తెలిసేలా.

“ఇంతసేపు రాయాల్నా?” అన్నాడు యజమాని.

“రాత్రి రెండింటికి మీ పిల్లోడు నాకు ఫోన్ చేయకుండా ఉండాల గదన్నా!”

బోర్డు పైన అపాయ సూచిక పెట్టారు. 250 వోల్టులు దాటిన చోట పుర్రె, ఎముకల గుర్తుతో, హిందీ లేదా ఇంగ్లిషుతో పాటు స్థానిక భాషలోనూ ఉండాలన్నది నిబంధన. త్రీఫేజ్ అంటే 415 వోల్టులు కాబట్టి ఇక్కడ తప్పనిసరి. స్టిక్కర్ మన ఎండలకు చుట్టుకుపోతుందని, నేమ్ ప్లేట్లు చెక్కేవాళ్ల దగ్గర పలక చెక్కించి స్క్రూలతో బిగించారు. పెరట్లో ఎర్త్ గుంత మూత మీద రీడింగుతో పాటు నెల కూడా రాశారు. వానాకాలంలో తడి మట్టిలో వచ్చిన అంకె మేలో ఉండదు. నెల తెలియని ఎర్త్ రీడింగు సగం రీడింగే.

బ్రిటన్‌లో ఇళ్ల వైరింగుకు నియమాలు 1882 నుంచే ఉన్నాయి. అక్కడ డీబీ మారిస్తే ఇచ్చే సర్టిఫికెట్‌లో డిజైన్‌కు, బిగింపుకు, పరీక్షకు వేర్వేరు సంతకాలుంటాయి. వెంట లైనువారీ ఫలితాల పట్టిక జతచేస్తారు. ఈ పట్టికే అసలు ప్రాణం. మన రిపోర్టుకు దాన్ని జతచేయొద్దని ఎవరూ అనలేదు. శ్రీకాళహస్తి ఎలక్ట్రీషియన్ దాన్ని లాంగ్ నోటుబుక్కు కాగితం మీద స్కేలుతో గీతలు గీసుకుని తయారుచేశారు. చివరి గడిలో ఒక్కో ఆర్‌సీసీబీ: 30 మిల్లీ ఆంపియర్లు, ట్రిప్ అయిన సమయం మిల్లీసెకన్లలో. 300 లోపు ఉండాలి. ఆ తర్వాత రాత్రి డ్యూటీ కుర్రాణ్ని పిలిచి టెస్ట్ బటన్ అతని చేతే నొక్కించారు, మళ్లీ ఆన్ చేయించారు. నెలకోసారి ఇలా నొక్కి తేదీ వేయమని, తలుపు లోపల ప్లాస్టిక్ కవరులో చార్టు వెనక ఒక ఖాళీ కాగితం కూడా పెట్టారు.