నిటారుగా పట్టుకున్న కర్ర
బిలాస్‌పూర్‌లో కట్నీ వైపు బండెక్కితే, కర్గీ రోడ్ దాటాక దారి మైకల్ కొండల్లోకి ఎక్కుతుంది. స్టేషన్ల పసుపు బోర్డుల మీద ఊరిపేరు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు కనిపిస్తుంది. ఆ అంకె వెనక ఎండలో, కొలత గీతలున్న స్టాఫ్ కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి ఉన్నాడు. కర్ర కాస్త వాలినా లెక్క పెరిగిపోతుంది. అందుకే దాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపుతాడు. అవతల సర్వేయరు దుర్భిణిలో కనబడే అతి తక్కువ అంకే అసలుది. ఎంత అందమైన ఒడుపు!

అగ్నిపర్వతాల నాడి పట్టేదీ ఈ పనితనమే. ఇటలీలో అగ్నిపర్వత ప్రాంతంలో ఉన్న పొజ్జువోలి పట్టణపు నేల 1982–84లో దాదాపు 1.8 మీటర్లు పైకి లేచింది. ఎంత లేచిందో కర్ర చెబుతుంది, ఎందుకన్నదానికి గురుత్వాన్ని కొలిచే గ్రావిమీటర్ కావాలి. నేల సెంటీమీటరు లేస్తే గురుత్వం సుమారు 3 మైక్రోగాల్‌లు, అంటే 30 కోట్లలో ఒక వంతు, తగ్గాలి. అంత తగ్గలేదంటే అడుగున కొత్త బరువేదో చేరినట్టే. అది శిలాద్రవం కావచ్చు.

కర్గీ రోడ్‌కు ఆ భయం లేదు. ఎగువన అమర్‌కంటక్ నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా. అయినా గురుత్వం కొలిచేవాళ్లు ఎక్కడైనా ఒక్కటే పద్ధతి పాటిస్తారు: పొద్దున మొదలుపెట్టిన చోటికే మళ్లీ వచ్చి, పరికరం చూపే అంకె తనంతట తాను ఎంత జారిందో చూసుకుంటారు.