దగ్గరికి రానీ

గొట్టం లావైతే తుపాకీ ఎక్కువ దూరం కొడుతుందని చాలామంది నమ్మకం. బ్యాంకు గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ల భుజాన 12 బోర్ చూసి పెరిగిన మనకి 8 బోర్ అంటే అంతకన్నా చిన్నదనిపిస్తుంది. లెక్క తిరగేసి ఉంటుంది. ఒక పౌను సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే, ఆ గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోర్. ఎనిమిదే పోస్తే 8 బోర్. నాలుగే పోస్తే 4 బోర్. దాని మూతిలోకి నా బొటనవేలు వదులుగా దిగిపోతుంది. అంత లావు గొట్టంలోంచి వచ్చే గుళ్లు వేగంగా వెళ్తాయా అంటే, వెళ్లవు. వేగం దాదాపు మామూలు తుపాకీదే. గుళ్లు ఎక్కువ వెళ్తాయి. పెద్దబాతుల వేటకి వాడే లావు గుళ్లు 12 బోర్ తూటాలో డెబ్భై చిల్లర పడితే 8 బోర్‌లో నూట నలభై పడతాయి. దూరం పెరిగేకొద్దీ గుళ్లు చెదిరి వాటి మధ్య ఖాళీలు పెరుగుతాయి. ఆ ఖాళీల్లోంచి పక్షి క్షేమంగా దాటిపోతుంది, లేదా ఒకటి రెండు గుళ్లు ఒంట్లో వేసుకుని దాటిపోతుంది. పెద్ద తుపాకీ చేసే పని ఆ ఖాళీలు పూడ్చడం. దానికోసం ఆరు కిలోల ఇనుము మోయాలి.

మోసే పెద్దాయన మా వీధి చివర ఉంటాడు. మేముండేది ఇంగ్లండ్ తూర్పు తీరాన, నార్‌ఫోక్‌లోని కింగ్స్ లిన్‌లో. ఊరికి ఉత్తరాన వాష్ అనే అఖాతం. పోటు తీసినప్పుడు మైళ్ల కొద్దీ బురద తేలుతుంది. సెప్టెంబరులో ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్‌ల నుంచి పింక్‌ఫుట్ పెద్దబాతులు వేలకు వేలు దిగుతాయి. రాత్రి బురద మీద నిద్ర, తెల్లారాక పొలాల్లో మేత. ఈ జిల్లాలో షుగర్ బీట్ ఎక్కువ. దుంపలు ఫ్యాక్టరీకి వెళ్లాక పొలంలో మిగిలే ఆకులూ ముక్కలూ వీటికి పండగ. సముద్రానికీ పొలానికీ మధ్య పొద్దునా సాయంత్రం ఇవి దాటే దారి కిందే వేటగాళ్లు కాపు కాస్తారు.

పెద్దాయన దగ్గరున్నది 1880ల నాటి జోడుగొట్టాల 8 బోర్, తాత నుంచి వచ్చింది. బయట రెండు సుత్తులు. డమాస్కస్ గొట్టాలు: ఇనుము, ఉక్కు పట్టీలను కలిపి మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో అతికేదాకా సమ్మెటతో కొట్టి చేసినవి. వెలుగులో పెడితే ఆ మెలికలన్నీ గొట్టం పొడుగునా గోధుమ రంగు చారలుగా కనిపిస్తాయి. అడుగున బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలు. 1813లో పార్లమెంటు చట్టంతో పెట్టిన ఆ పరీక్షశాలలో, మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి చూస్తారు. తట్టుకుంటే ముద్ర వేస్తారు. లోపల అరిగి కొలత దాటితే ఆ ముద్ర చెల్లదు, చెల్లని తుపాకీని అమ్మడం నేరం. నూట ముప్పై ఏళ్లు దాటిన గొట్టాన్ని చెంపకి ఆనించి పేల్చే మనిషి ధైర్యం వెనక ఆ ముద్రలున్నాయి.

నాకు తుపాకీ లైసెన్సు లేదు, పెట్టుకునే ఉద్దేశమూ లేదు. నేను చేరింది తూటాల పనిలో. పెద్ద కంపెనీలు 8 బోర్ తూటాలు చేయడం ఎప్పుడో మానేశాయి కాబట్టి ఆయన షెడ్డులో కూర్చుని తనే చేసుకుంటాడు. నల్ల గన్‌పౌడర్ ఉంచుకోవడానికీ వేరే అనుమతి ఉంది, పోలీసుల దగ్గర్నుంచి. ఇత్తడి తొడుగు అడుగున కొత్త క్యాప్ బిగించి, ఇత్తడి కొలతతో పది గ్రాముల పైచిలుకు మందు పోస్తాడు. దాని మీద అట్ట బిళ్ల. ఆ పైన గారె మందాన ఫెల్ట్ బిళ్ల, కొవ్వు పట్టించింది. దాన్ని చెక్క కడ్డీతో ఒకే ఒత్తిడితో దిగ్గొట్టాలి. ఒక తూటాకి గట్టిగా, ఇంకోదానికి మెత్తగా దిగితే రెండూ రెండు రకాలుగా పేలతాయి. తర్వాత గుళ్లు తూచి పోయడం నా వంతు. యాభై ఏడు గ్రాములు, అంటే రెండు ఔన్సులు. చివర పలచటి అట్ట, అంచు చుట్టూ జిగురు. జిగురు ఆరేదాకా ఎవరూ మాట్లాడకూడదని ఆయన రూలు. ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు, టీ తాగడానికి వీలవుతుందనేమో.

గుళ్లు ఇప్పుడు సీసం కావు. నీటి పక్షులు అరుగుదల కోసం చిన్న రాళ్లు మింగుతాయి. రాళ్లతో పాటు బురదలో పడి ఉన్న సీసపు గుళ్లనీ మింగి, విషం ఎక్కి చస్తాయి. అందుకని 1999లో ఇంగ్లండ్‌లో బాతుల వేటకీ, తీరాల మీదా సీసం నిషేధించారు. బదులుగా స్టీల్ గుళ్లు వచ్చాయి, చవకే. కానీ స్టీల్ గట్టిది, పాత మెత్తటి గొట్టాల్ని గీరేస్తుంది. మిగిలింది బిస్మత్. సీసం కన్నా తేలిక, ఖరీదు చాలా రెట్లు. నేను తూచేటప్పుడు గుండు ఒకటి కిందపడితే పెద్దాయన మోకాళ్ల మీద వంగి వెతుకుతాడు.

ఈ తుపాకీలు పుట్టిన కాలానికి ఇంత పొదుపు లేదు. పందొమ్మిదో శతాబ్దంలో తూర్పు తీరం జాలరికి చలికాలం సంపాదన పక్షుల్లో ఉండేది. ఒక్క పేలుడుకి ఎన్ని కూలితే అంత లాభం, లండన్ మార్కెట్‌కి రైలెక్కించడమే. పంట్ గన్ అని ఇంకో ఘోరమైన వస్తువు ఉండేది, ఇప్పటికీ కొన్ని ఉన్నాయి: చదును పడవకి బిగించిన ఫిరంగి లాంటిది, వేటగాడు బోర్లా పడుకుని పడవని మెల్లిగా తోసుకుంటూ నీటి మీద వాలిన గుంపు దాకా వెళ్లి పేలుస్తాడు. దాని గొట్టం ఒకటిముప్పావు అంగుళం దాటకూడదని నేటి బ్రిటిష్ చట్టం. నెపోలియన్ యుద్ధాల్లో తొడకి గాయమై ఇంటికొచ్చిన కల్నల్ పీటర్ హాకర్ దీనికే జీవితం ధారపోశాడు. 1814లో కొత్త వేటగాళ్లకి పాఠాలు అచ్చేశాడు, కొట్టిన ప్రతి పక్షినీ డైరీలో లెక్క రాసుకున్నాడు. పెద్ద గొట్టం పుట్టింది ఆశ నుంచి. కత్తికీ కొడవలికీ ఉన్న గౌరవం దీనికి ఇవ్వడానికి నాకు కొంచెం మొహమాటం.

అయినా వెంట వెళ్తాను. నవంబరులో ఒక తెల్లవారుజాము సంగతి చెప్తాను. ఆదివారం కాదు, నార్‌ఫోక్‌లో ఆదివారం అడవి బాతుల్ని కాల్చకూడదు. పోటు పట్టిక రెండుసార్లు చూసుకుని, దిక్సూచి జేబులో వేసుకుని, చీకట్లో గట్టు దిగాం. వాష్‌లో నీళ్లు ఎదురుగా రావు, వెనక ఉన్న పాయల్లోంచి వచ్చి దారి మూసేస్తాయి. 1216లో జాన్ రాజుగారి సామాన్ల బళ్లు ఇక్కడే మునిగాయని బడిపిల్లలకి కూడా తెలుసు. ఒక పాయ అంచున, నల్ల లాబ్రడార్ పక్కన, బురదలో కూర్చున్నాం. తూర్పు తెల్లబడక ముందే దూరంగా బాతులు లేచిన చప్పుడు వినిపించింది. ముందు గోల. తర్వాత గొంతులు విడివిడిగా, వింక్ వింక్ అంటూ.

గాలి లేదు. గాలి లేకపోతే పెద్దబాతులు ఎత్తులో వెళ్తాయి. మొదటి బారు మా నెత్తిమీదే వెళ్లింది, ఎనభై గజాలు పైమాటే. పెద్దాయన తుపాకీ ఎత్తలేదు. రెండో బారు అంతే. ఆయన కొలత ఒకటే: కాళ్ల రంగు కనబడిందా? లేదా, కూర్చో. ఎడమ పక్క ఎవరో కొత్త మాగ్నం 12 బోర్‌తో రెండుసార్లు పేల్చారు. బారులో ఒక పక్షి ఉలిక్కిపడి, ఒక రెక్క కిందికి దించి, మళ్లీ సర్దుకుని మిగతావాటి వెనకే వెళ్లిపోయింది. పెద్దాయన తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.

బాగా వెలుగొచ్చాక, అయిపోయిందనుకుని ఫ్లాస్కు మూత తీస్తుంటే, అయిదు బాతులు పాయ వెంబడి తక్కువ ఎత్తులో వచ్చాయి. "దగ్గరికి రానీ అబ్బాయ్," అన్నాడు, నాకో తనకో. రానిచ్చాడు. గులాబీ కాళ్లు పొట్ట కింద మడిచి ఉండటం నాకు కూడా కనిపించింది. నల్ల మందు తుపాకీ పదునుగా మోగదు, దుమ్ము దులిపినట్టు గుభేలుమంటుంది, భుజాన్ని కొట్టడానికి బదులు వెనక్కి నెడుతుంది. తెల్లటి పొగ మొత్తం కమ్మేసింది, గంధకం వాసన. తగిలిందో లేదో కాల్చినవాడికి తెలీదు. కుక్కకి తెలుసు. అది తెచ్చిన బాతుని చేతిలోకి తీసుకుంటే రెండున్నర కిలోలుంటుంది, వేడిగా ఉంది. పొట్టి ముక్కు మీద గులాబీ పట్టీ. మా ఆవిడ దాన్ని అల్లం వెల్లుల్లి, ధనియాల పొడితో కుక్కర్‌లో పెట్టింది. మామూలు బాతు లెక్కన విజిల్స్ వస్తే చాలలేదు, అడవి పక్షి ఎగిరిన ఒళ్లు కదా. ఇక్కడ అడవి పెద్దబాతుని అమ్మడం నేరం. ఇచ్చిపుచ్చుకోవడమే. ఒకప్పుడు రైలెక్కిన సరుకు ఇప్పుడు మా వీధి దాటదు.

ఎడమ పక్క ఉలిక్కిపడిన పక్షి మాత్రం మనసులోంచి పోలేదు. 1990ల్లో డెన్మార్క్ పరిశోధకులు బతికున్న పింక్‌ఫుట్ బాతుల్ని పట్టి ఎక్స్‌రే తీశారు. ఏడాది దాటినవాటిలో మూడో వంతుకి పైగా ఒంట్లో గుళ్లతో తిరుగుతున్నాయి. ఏడాది నిండని పిల్లల్లోనే నాలుగో వంతు. దూరం నుంచి పేల్చినందుకు లెక్క అది. తర్వాత అక్కడి వేటగాళ్ల సంఘాలు కూడా దగ్గరి నుంచి మాత్రమే కాల్చాలని ప్రచారం చేశాయి, గాయాలతో తిరిగే పక్షులు తగ్గాయి. దూరాన్ని జయించడానికి పుట్టిన 8 బోర్‌ని పెద్దాయన ముప్పై అయిదు గజాలకి కట్టేసి వాడుతున్నాడు. ఆ దూరంలో నూట నలభై గుళ్ల మధ్య ఖాళీలే ఉండవు. పక్షి పడుతుంది, లేదా ఏమీ తగలకుండా పోతుంది. నేను ఈ తుపాకీని సహించేది అందుకే.

పీటర్ స్కాట్ ఇంకో దారి పట్టాడు. దక్షిణ ధ్రువం వెళ్లి చనిపోయిన కెప్టెన్ స్కాట్ కొడుకు. కేంబ్రిడ్జిలో చదివే రోజుల్లో ఇదే వాష్‌లో పంట్ గన్‌తో సహా పిచ్చిగా వేటాడాడు. 1930ల్లో మాకు పడమటి దిక్కున, నెన్ నది మొగలో ఉన్న లైట్‌హౌస్‌లో కాపురం పెట్టి పెద్దబాతుల బొమ్మలు వేశాడు. 1946లో స్లిమ్‌బ్రిడ్జ్‌లో నీటి పక్షుల ట్రస్టు పెట్టాడు. 1951లో ఐస్‌లాండ్ వెళ్లి పింక్‌ఫుట్‌ల కాళ్లకి రింగులు తొడిగాడు. క్రమంగా తుపాకీ వదిలేశాడు. మనిషి నడవలేనంత మెత్తని బురదలో గాయపడి కూలిన ఒక పెద్దబాతు మరునాడు కూడా తల ఎత్తుకుని అక్కడే ఉండటం తనని మార్చిందని ఆత్మకథలో చెప్పుకున్నాడు. 1961లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పెట్టినవాళ్లలో ఒకడు, ఆ పాండా గుర్తు గీసింది ఆయనే. బురదలో తెల్లారుజామున కూర్చోబెట్టింది తుపాకీయే, లేపి పంపింది పక్షి.

మా కొల్లేరు సరస్సు గుర్తు రాకుండా ఉండదు. 1972 వన్యప్రాణి చట్టం, దాని 1991 సవరణలతో మన దగ్గర తుపాకీ వేట ఆగింది, మంచిదే. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. ఈలోగా చేపల చెరువుల గట్లు సరస్సు నడుమకి వచ్చేశాయి. 2006లో మిషన్లు పెట్టి తెగ్గొట్టారు, మళ్లీ లేచాయి. తుపాకీ లేని చోట నీరే పోయింది. ఈ వాష్ వాళ్లు మహాత్ములేం కాదు, గట్లు కట్టి ఉప్పు చిత్తడిని శతాబ్దాల పాటు గోధుమ పొలాలు చేసినవాళ్లే. కాకపోతే మిగిలిన చిత్తడి ఎండిపోకుండా చూసుకోవాల్సిన స్వార్థం వేటగాళ్ల క్లబ్బులకి ఉంది. కౌలుకి తీసుకుంటాయి, కొన్ని కొనేస్తాయి, ఎన్ని కొట్టారో లెక్క అప్పజెప్తాయి. కొల్లేటికి అలాంటి స్వార్థపరులు ఎవరున్నారు? జాలరులు ఉండేవారు. వాళ్లని ఎవరూ అడగలేదు.

పెద్దాయనకి ఎనభై దగ్గరపడ్డాయి, భుజం సహకరించడం లేదు. ఒక అమెరికన్ మంచి ధర ఇస్తానన్నాడు. అక్కడ 10 బోర్ కన్నా పెద్ద తుపాకీతో వలస పక్షుల్ని కాల్చకూడదని 1918 నుంచి నిబంధన, కాబట్టి ఇది గోడకెక్కుతుంది. ఈయన ఇవ్వలేదు. ఆయన వేట క్లబ్బులో ఒక అమ్మాయి, లారీ నడుపుతుంది, తుపాకీ తనకిమ్మని అడిగింది. కాళ్ల రంగు పరీక్షలో పాసైంది కూడా; తన మీదుగా వెళ్లిన మూడు బారుల్ని ఊరికే చూస్తూ కూర్చుందట. గొడవ ఇంకోచోట వచ్చింది. డమాస్కస్ గొట్టాలు కోసేసి, వాటి స్థానంలో కొత్త స్టీల్ గొట్టాలు అతికించుకుంటానంది. అప్పుడు చవక స్టీల్ గుళ్లు వాడొచ్చు, వారం వారం బయటికి తీయొచ్చు. పెద్దాయన మండిపడ్డాడు. తూటా చవకైతే చెయ్యి ఆగదన్నాడు. "అంటే మీ ఓపికలో సగం బిస్మత్ ధరేనన్న మాట," అంది ఆ అమ్మాయి.

షెడ్డులో జిగురు ఆరుతోంది కాబట్టి ఎవరూ మాట్లాడలేదు. ఆరిపోయాక కూడా ఆయన జవాబు చెప్పలేదు. తీరం మీద సీజన్ ఫిబ్రవరి 20తో ముగుస్తుంది. ఆ లోపు తేల్చమని అమ్మాయి అడుగుతోంది. నా ఓటు ఆమెకే, కానీ పెద్దాయన ముందు అనలేదు. గుళ్లు తూచే పని ఇంకా నా చేతిలో ఉంది.