యువజన కూటముల పరిభాష: ఉత్తరాంధ్రమున ఒక పరిశీలనము

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములందలి క్రైస్తవ యువజన కూటములలో నేడు వినవచ్చు భాషను మేము కొంతకాలముగా గమనించుచున్నాము. మా ప్రయత్నము మతవిమర్శ కాదు. ఆ పని మాది కాదు, మాకు చేతనగునదియు కాదు. ఒక సమాజము తనకు ప్రాణప్రదములైన మాటల నెట్లు ఖర్చుపెట్టుచున్నదో చూచుట మాత్రమే మా యుద్దేశము. క్రైస్తవ వాఙ్మయమున కీర్తనకు, అనువాదమునకు విద్వాంసు లిచ్చిన స్థానమును కూటమునందు పలికెడు మాటకు ఇయ్యలేదని మాకు తోచుచున్నది. కాని జనులు ప్రతివారము వినునది, పిల్లలు అనుకరించునది ఆ మాటయే.

ఒక సాయంకాలము, పూరిపాకకు రేకులు వేసి కట్టిన మందిరమున, ఇరువది యేండ్లు నిండియు నిండని నాయకు డొకడు మైకు చేతబట్టి ఇట్లు ఆరంభించెను: “ప్రైజ్ ద లార్డ్ యూత్! ఈ రోజు ఫైర్ దిగుతుంది, ఆమేన్? ప్రభువు బలంగా పని చేయబోతున్నాడు, ఆమేన్? బ్రేక్‌త్రూ కోసం ఎంతమంది వచ్చారు?” తరువాత వచ్చిన పాట ‘పవర్‌ఫుల్’. దానికి ముందటి ప్రార్థనయు ‘పవర్‌ఫుల్’. తేనీరు తెచ్చిన సోదరుని సేవ సయితము ‘పవర్‌ఫుల్’ అయ్యెను. ‘ఆమేన్’ ఎన్నిమారులు వచ్చెనో లెక్కింపబూని, కొంతసేపటికి ఆ పని మానుకొంటిమి.

ఇది విన్నవెంటనే మన పండితులు కొందరు ఇంగ్లీషు చొరబడెనని నొచ్చుకొందురు. మే మట్లు తలంపము. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనరీలు క్రాన్, దే గ్రాంజ్‌లు ఆనందరాయరు సాయముతో తెలుగు అనువాదమునకు పూనుకొన్ననాడు ప్రతి మాటకును తడుముకొనవలసి వచ్చెను. 1812లో శ్రీరామపురమున అచ్చుపడిన సువార్తలు, 1818లో ప్రిచెట్టు వెలువరించిన క్రొత్త నిబంధన ఆ శ్రమకు ఫలములు. అట్టి శ్రమపరంపరలో రూపొందినదే తెలుగు క్రైస్తవ పరిభాష. ‘సువార్త’ సంస్కృత ధాతువులతో కట్టిన మాట. ‘బాప్తిస్మము’ గ్రీకునుండి వచ్చినది. ‘హల్లెలూయ’, ‘ఆమేన్’ హీబ్రూ పదములు. పరభాషాపదము దోషమైనచో ఈ పరిభాషలో మిగులునది కొంచెమే. కావున ‘ఫైర్’ ఇంగ్లీషగుట మా యాక్షేపణ కాదు. అచ్చతెనుగున ‘మంట’ అనినను మా యాక్షేపణ అట్లే నిలుచును.

ఆక్షేపణకు మూలము మఱియొకచోట గలదు. ఒక మాటకు అర్థమున్నదనుటకు, ఆ మాట చెల్లని సందర్భము కూడ నుండవలెను. ‘ఉజ్జీవము’ అను మాటను చూతము. సొమ్మసిల్లినది మరల ప్రాణము పొందుట అని దాని భావము. ఎంతో నిబ్బరము గల మాట. ఇప్పుడు ప్రతి శనివారము ఉజ్జీవకూటమే. వారము వారము ఉజ్జీవించువాడు వారము వారము మరణించుచుండవలెను గదా! ఆ సంగతి ఎవరును చెప్పరు. అట్లే ‘భారము’. విజయనగరపు బజారులో బస్తా మోయు కూలిని ‘భార’మనగా నేమని అడిగినచో తూకముతో సహా చెప్పును. మన యువనాయకుడు “నాకు యూత్ మీద భారం ఉంది” అనునప్పుడు, ఆ భారము వలన ఏ నిద్ర చెడినది, ఏ పని మానినాడు, ఎవరి యింటికి నడచినాడు అని అడిగిన సమాధానము దొరకుట దుర్లభము. అచ్చట ‘భారము’ అనగా ‘ఇష్టము’ అనియే అర్థము. ఇష్టమని చెప్పుకొన్నచో తప్పేమియు లేదు.

వ్యాకరణదృష్టితో మిక్కిలి విచిత్రమైన ప్రయోగము “ప్రభువు నన్ను బలంగా వాడుకుంటున్నాడు” అనునది. ఇందు కర్త ప్రభువు, కర్మ వక్త. వాక్యనిర్మాణమున వక్త వినయముతో ద్వితీయా విభక్తిలో కూర్చుండినాడు. అర్థమున మాత్రము పీఠమెక్కినాడు. “నేను బాగా ప్రసంగించాను” అనినచో పెద్దలు మందలింతురు. ఇట్లనినచో అందరును ‘ఆమేన్’ అందురు. “దేవుడు నాతో మాట్లాడాడు” అనునదియు నట్టిదే. శిబిరము ఏ తేదీన పెట్టవలెనను చర్చలో ఈ వాక్యము పడినచో చర్చ ముగిసినట్లే. తేదీని కాదనవచ్చును గాని, దేవుని కాదనుట ఎట్లు?

ఇచ్చట మా ప్రాంతపు పలుకుబడిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. మైకు పట్టుటకు ముందు ఆ నాయకుడే వాకిట నిలిచి స్నేహితునితో “ఏట్రా, ఎప్పుడొచ్చీసినావు? మీ నాన్నకెలాగుంది?” అని ఎంతయో సహజముగా మాటలాడెను. మైకు చేతికి వచ్చినంతనే యాస మారెను, స్వరము మారెను. దృశ్యప్రసారములలోను యూట్యూబులోను వినవచ్చు దూరనగరపు బోధకుల కంఠము అతని గొంతులో ప్రవేశించెను. దానితోబాటు మఱొకటియు పోయెను. మన జనులు తమకు తెలిసినదానిని, విన్నదానిని, ఊహించినదానిని వేఱువేఱుగా చెప్పుదురు. విన్నది ‘అట’, ఊహించినది ‘గావాల’. “ఎల్లిపోనాడు గావాల” అను పల్లెటూరి వానికి తాను చూడని దానిని చూచినట్లు చెప్పుట తెలియదు. కూటపు భాషలో ‘అట’ లేదు, ‘గావాల’ లేదు, ‘ఏమో’ లేదు. అంతయు నిశ్చయమే. భక్తునికి సందేహ ముండదా? ఉండును. అది చెప్పుటకు మాట మిగులలేదు.

ఇంటి పలుకుబడిని విడిచిన విద్య మనసున కెక్కదని వాదించిన గిడుగు రామమూర్తిగారు (1863–1940) ఈ గడ్డవారే. సవరలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని ఆ భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. గ్రాంథికమున వ్రాయుచు మేము ఆయనను సాక్షిగా పిలుచుట చదువరులకు నవ్వు పుట్టింపవచ్చును. ఆ నవ్వునకు మేము పాత్రులమే. మా సదస్సులలో ‘స్పృహ’, ‘అస్తిత్వము’, ‘నేపథ్యము’ పొందుచున్న గతియు ఇంతకంటె మేలైనది కాదు.

విజయనగరమున కూర్చుండి ఈ విషయము వ్రాయువారికి గిరీశము జ్ఞప్తికి రాక మానడు. 1897లో అచ్చై, 1909లో పెంపొందిన కన్యాశుల్కమున సంస్కరణోద్యమపు పెద్దమాటలన్నియు అతని నాలుకపై నాట్యమాడును. గురజాడ ఆ మాటలను ఖండింపలేదు. వాటి ప్రక్కన గిరీశము చేయుపనులను నిలిపి ఊరకుండెను. కాని యువనాయకుని గిరీశముతో పోల్చుట అన్యాయమగును. గిరీశమునకు తాను మోసగించుచున్నానని తెలియును. ఈ పిల్లవాడు తన మాటకు తానే మొదట లోబడినవాడు. పోలికకు తగినవాడు వెంకటేశము: గురువు నోటి శబ్దమును విద్యయని నమ్మినవాడు.

ఇక ఆ నాయకుల పక్షమున చెప్పదగినదియు గలదు. మేము మాటలాడిన యొక యువకుడు చెన్నపట్టణమున కట్టడపు పనికి పోయి క్రిస్మసుకు ఇల్లు చేరినవాడు. పదిమంది యెదుట నోరు విప్పుట అతనికి ఆ కూటముననే మొదటిసారి. “ప్రైజ్ ద లార్డ్ అనీసినాక భయం పోద్దండి” అని అతడు చెప్పిన మాట మేము తేలికగా తీసివేయజాలము. తరతరములుగా సభలో మాట దక్కని కులములవారికి ఇట్టి సిద్ధవాక్యము చేతికఱ్ఱ వంటిది. హరికథలో గోవిందనామము పలికించుట యందును ఈ ప్రయోజనము కలదు. ఆదిభట్ల నారాయణదాసుగారి ఊరివారికి ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు. సభ గోవిందా యనునంతలో కథకునకు ఊపిరి దొరకును, కథ మలుపు తిరుగును. కాని తరువాత కథ వచ్చును. యువజన కూటమున ‘ఆమేన్’ తరువాత మరల ‘ఆమేన్’ వచ్చుచున్నది.

పూర్వము ఈ ప్రాంతముననే సిద్ధపదములతో పనిచేసిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) కలరు. ఆయన కీర్తనలు నేటికిని ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాడబడుచున్నవి. ‘రక్షణ’, ‘కృప’, ‘పాపము’ ఆయనకును సిద్ధపదములే. అవి రాగతాళముల కట్టుబాటున చోటు వెదకికొనవలసి వచ్చినవి. చోటు వెదకికొనిన పదమునకు బరువు వచ్చును. మైకునకు అట్టి కట్టుబాటు లేదు.

ఈ దుబారా వలన నష్టమేమని అడుగుదురేమో. ఉద్దానమునకు పోయి చూడవలెను. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో మూత్రపిండవ్యాధి ఎన్నో యేండ్లుగా ఇండ్లను గుల్లచేయుచున్నది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెఱవబడినను, డయాలసిస్ కొఱకు వారమునకు రెండుమూడు మారులు తిరుగు బాధ తీరలేదు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను ఆ కొబ్బరితోటలనే, ఆ జీడితోటలనే కూల్చినది. అట్టిచోట “ఈ రాత్రి ఉజ్జీవ తుపాను రావాలి” అని కేక వేయుట మేము వింటిమి. వినినవారిలో తుపాను చూడనివారు లేరు. తలనొప్పి తగ్గినను ‘స్వస్థత’, పరీక్ష తప్పకున్నను ‘స్వస్థత’ అని ఆ మాటను అరుగదీసినపిమ్మట, ఆ యిండ్లవారు దేనిని కోరి ప్రార్థింపవలెను?

ఆ ప్రాంతపు కూటమొకదానిలో సాక్ష్యము చెప్పుటకు ఒక ముసలమ్మ లేచినది. మైకు వలదని, పైటకొంగు సర్దుకొని, “మా ముసిలోడు నిన్న డయాలసిస్‌కెళ్ళొచ్చినాడు బావు. రేతిరి తొంగున్నాడు. తెల్లారిందాకా నిద్దరట్టింది” అని ఆగినది. నాయకుడు వెంటనే “స్వస్థత కోసం హల్లెలూయ చెబుదాం!” అనెను. కొందరు చేతులెత్తిరి. ఆమె కూర్చుండలేదు.

“స్వస్థత కాదు బావు,” అనినది, “నిద్దరే.”