ఇంటిపేరు, కళావారసత్వం: గుడివాడ ఉదాహరణ

విద్యార్థులారా, ఇంటిపేరు ఒకటైతే కళా సంప్రదాయం కూడా ఒకటేనని భావించడం మన సినిమా విమర్శలో తరచు కనిపించే లోపం. కృష్ణా జిల్లాలోని గుడివాడను ఆధారం చేసుకొని దీన్ని పరిశీలిద్దాం.

గుడివాడ సమీపంలోని రామాపురంలో అక్కినేని నాగేశ్వరరావు, చౌటపల్లిలో ఘంటసాల వేంకటేశ్వరరావు జన్మించారు. ఇవే ఇంటిపేర్లు గల దర్శకులు మరో ఇద్దరున్నారు. ఎల్.వి. ప్రసాద్ ఇంటిపేరు అక్కినేని. ఆయనది ఏలూరు ప్రాంతం. ఘంటసాల బలరామయ్యది నెల్లూరు జిల్లా.

ఇప్పుడు వీరి కృషిని గమనించండి. నాటకాలలో స్త్రీ పాత్రలు ధరించిన నాగేశ్వరరావుకు 'శ్రీ సీతారామ జననం' (1944)లో రాముని పాత్ర ఇచ్చినవారు బలరామయ్య. ఆయన దర్శకత్వంలోనే వచ్చిన 'బాలరాజు' (1948)లో నాగేశ్వరరావుకు వేంకటేశ్వరరావు పాడారు. 'దేవదాసు' (1953)లోనూ ఆ గొంతే ఆయన పాత్రకు ప్రాణం పోసింది. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించిన 'సంసారం' (1950), 'మిస్సమ్మ' (1955) చిత్రాలలో నాగేశ్వరరావుతోపాటు ఎన్.టి. రామారావు కూడా నటించారు. అంటే ఈ కళాబంధాలు ఇంటిపేర్ల హద్దులను దాటి ఏర్పడినవే.

తెలుగు ఇంటిపేర్లలో చాలా వరకు ఊరిపేర్లే. ఘంటసాల కూడా కృష్ణా జిల్లాలో ఒక గ్రామం. కాబట్టి ఇంటిపేరు పూర్వికుల ఊరిని సూచించవచ్చు గాని, గురువెవరో చెప్పదు. దానినే పట్టుకుంటే నటులను తీర్చిదిద్దిన నాటక సమాజాలు, పాట నేర్పిన గురువులు మన వ్యాసాలలో కనిపించకుండా పోతారు. మీ ఊరి కళాకారుల గురించి రాసేటప్పుడు మూడు విషయాలు తెలుసుకోండి: ఎవరి దగ్గర నేర్చుకున్నారు? తొలి అవకాశం ఎవరిచ్చారు? ఎవరితో కలిసి పనిచేశారు? ఇంటిపేరు ప్రసక్తి ఆ తరువాతే.