'డిపోర్టీ' చెప్పిన సగం నిజం

వలస మీద వచ్చే రచనల్లో చాలావాటికి ఒక బలహీనత ఉంది. అవి మనిషి ఆకలి దగ్గర మొదలై ఆకలి దగ్గరే ఆగిపోతాయి. కాగితాల్లేకుండా పొరుగుదేశంలోకి ఎందుకు వెళ్తారంటే, పేదరికం వల్ల అని జవాబు చెప్పి ఊరుకుంటాం. ఇది అబద్ధం కాదు, సగం నిజం. అతణ్ణి పిలిచిందెవరు, అతని చెమటతో లాభపడిందెవరు అన్నది మిగతా సగం. అమెరికన్ ప్రజాగాయకుడు ఉడీ గత్రీ 1948లో రాసిన 'డిపోర్టీ' ఆ సగాన్ని పట్టుకుంది. అందుకే దాన్ని గొప్ప రచన అంటున్నాను.

1948 జనవరి 28న కాలిఫోర్నియాలోని లాస్ గాటోస్ లోయలో విమానం కూలి 32 మంది చనిపోయారు. వారిలో 28 మంది స్వదేశానికి తిప్పి పంపబడుతున్న మెక్సికన్లు. కొందరు ఒప్పందం గడువు తీరిన వ్యవసాయ కూలీలు, కొందరు కాగితాల్లేకుండా వచ్చినవాళ్లు. గత్రీకి చేరిన వార్తలో వీళ్లకు పేర్లు లేవు. వట్టి 'డిపోర్టీలు', అంటే వెళ్లగొట్టబడ్డవాళ్లు. ఆయన రాసిన గీతానికి దాదాపు పదేళ్ల తర్వాత మార్టిన్ హాఫ్‌మన్ అనే బడిపంతులు బాణీ కట్టాడు.

ఎత్తుగడలోనే కవి దృక్పథం తెలుస్తుంది. పాట విమానంతో కాక తోటతో మొదలవుతుంది. కోతలు అయిపోయాయి, పళ్లు కుళ్లుతున్నాయి, కోసిన చేతులతో ఇక పనిలేదు. ప్రమాదానికి ముందే జరిగిన అన్యాయాన్ని కవి ముందు చూపించాడు.

చరిత్ర ఆయన చూపును బలపరుస్తుంది. యుద్ధకాలంలో కూలీల కొరత వస్తే 1942లో అమెరికా ప్రభుత్వమే మెక్సికోతో ఒడంబడిక చేసుకుని 'బ్రసేరో' పథకం పెట్టింది. 1964లో అది ముగిసేలోగా 40 లక్షలకు పైగా కూలి ఒప్పందాలు జరిగాయి. 1952 చట్టం కాగితాల్లేనివాడికి ఆశ్రయమివ్వడం నేరమంది. పని ఇవ్వడం మాత్రం ఆశ్రయం కిందికి రాదంది! యజమానులకు ఈ వెసులుబాటు 1986 దాకా సాగింది. పథకం పోయినా తోటలు పోలేదు. నిన్న కూలీగా వెళ్లిన మనిషే అదే తోటకు ఇవాళ నేరస్థుడిగా వెళ్లాడు. పట్టుబడతానని భయపడేవాడు కూలి పెంచమని అడగడానికి జంకుతాడు. ఆ జంకే యజమాని లాభం.

పాటకు ఒక పరిమితి ఉంది. అందులో మెక్సికో పల్లె కనిపించదు. ఆ పల్లెకు తర్వాత జరిగింది ఇంకో అధ్యాయం. 1994 జనవరిలో ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమలులోకి వచ్చింది. సబ్సిడీతో పండిన అమెరికన్ మొక్కజొన్న ముందు మెక్సికో చిన్నరైతు నిలవలేకపోయాడు. అదే ఏడాది శాన్ డియాగో దగ్గర సరిహద్దు కాపలాను బిగించారు. గింజకు తలుపు తెరిచి, ఆ గింజ వల్ల బతుకు పోగొట్టుకున్నవాడికి మూశారు.

రచయిత టిమ్ హెర్నాండెజ్ వెతుకులాట ఫలితంగా 2013లో ఫ్రెస్నో శ్మశానంలోని సామూహిక సమాధిపై ఆ 28 పేర్లూ చెక్కారు. సాహిత్యం చేయగల పనికి ఇంతకంటే రుజువేం కావాలి?

గల్ఫ్‌లో యజమానిని వదిలి, కాగితాల్లేక దాక్కుని పనిచేసే మనవాణ్ణి 'ఖల్లివెల్లి' అంటారు. అదీ పేరు కాదు, ముద్రే. అతని కథ రాసే మన రచయిత ఊరి కరువు దగ్గరే ఆగకూడదు. ఏజెంటు తీసుకున్న అప్పు కాగితాన్నీ, పాస్‌పోర్టు దాచుకున్న యజమాని బీరువానూ కూడా తెరిచి చూపాలి.