తుంగను వర్ణించే విద్య

మెదక్ చుట్టూ నీళ్లు తగిలే చోటల్లా తుంగ ఉంటుంది. ఘనపురం ఆనకట్ట దగ్గర మంజీరా నీళ్లు అందుకునే మహబూబ్ నహర్, ఫతే నహర్ కాలువల గట్ల మీద, పోచారం చెరువు కింది మడుల్లో, ఏడుపాయల దగ్గర నది చీలిపోయే ఇసుక ఒడ్డుల్లో, ఊరూరా కుంట మత్తడికి దిగువన. చెల్కలోనైనా నాలుగు వానలు పడితే చాలు. కలుపు తీసే ఆడవాళ్లు దాన్ని పీకి ఒడ్డు మీదికి విసిరేస్తారు, వారం తిరక్కుండానే అదే చోట మళ్లీ లేస్తుంది. తుంగను తిట్టుకోని రైతు ఈ జిల్లాలో దొరకడు. దాన్ని తీరిగ్గా చేతిలోకి తీసుకుని వేరు నుంచి గింజ దాకా చూసినవాళ్లు మాత్రం బహు తక్కువ.

అలా చూడడానికి ఒక పద్ధతి ఉంది, రెండున్నర శతాబ్దాలకు పైగా ఎందరి చేతుల్లోనో నలిగి గట్టిపడిన పద్ధతి. మొక్కను వర్ణించి, దాని వర్గాన్ని తేల్చే ఈ విద్యకు ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం, మిల్లీమీటర్ల స్కేలు, రెండు సూదులు, కొన్ని పాత దినపత్రికలు చాలు. మిగిలిందంతా ఓపిక. ఆ ఓపిక ఏమిస్తుందో చూపించడానికి తుంగను మించిన మొక్క లేదని నా నమ్మకం.

మొదటి నియమం, మొక్కను పీకకూడదు, తవ్వాలి. పీకితే ఆకులూ కాడా చేతికొస్తాయి, అసలు సంగతి మట్టిలోనే ఉండిపోతుంది. పారతో జానెడు లోతు తవ్వి, మట్టిపెళ్లను నీళ్లలో నానబెట్టి మెల్లగా కడిగితే ముందు కాడ అడుగున ఉబ్బిన మొదలు బయటపడుతుంది. దాని నుంచి సన్నటి కొమ్ములు పక్కలకు పాకుతాయి. ఆ కొమ్ముల మీద పూసలు గుచ్చినట్టు వరసగా నల్లటి దుంపలు. ఒకదాన్ని విరిస్తే లోపల తెల్లగా ఉంటుంది, ఘాటైన సుగంధం వస్తుంది, కొరికితే చేదు. వర్ణనలో ఈ వాసనకూ చేదుకూ కూడా చోటుంది. ఎందుకంటే దీనికి బాగా దగ్గరి చుట్టమైన సైపరస్ ఎస్కులెంటస్ దుంపలు తియ్యగా ఉంటాయి, గొలుసుగా కాకుండా కొమ్ము చివర ఒక్కొక్కటిగానే పుడతాయి. స్పెయిన్‌లో ఆ దుంపలను నానబెట్టి, రుబ్బి, ఓర్చాటా అనే చల్లటి పానీయం చేస్తారు. చేదు దుంపల గొలుసు ఉన్నది మన తుంగ, శాస్త్రీయంగా సైపరస్ రొటండస్.

ఇక కాడ. రెండు వేళ్ల మధ్య పెట్టి దొర్లిస్తే దొర్లదు, మూడు అంచులు వేలికి తగులుతాయి. బ్లేడుతో అడ్డంగా కోస్తే త్రికోణం కనిపిస్తుంది, లోపల బెండు నిండి ఉంటుంది. పక్కనే ఉన్న వరి కాడను కోసి చూస్తే గుండ్రంగా ఉంటుంది, కణుపుల మధ్య బోలుగా ఉంటుంది. ఆకులను పైనుంచి చూస్తే వరికి రెండు వరసలు, తుంగకు మూడు. ఆకు అడుగుభాగం కాడను చుట్టుకునే ఒరను చూస్తే ఇంకో తేడా తెలుస్తుంది: వరికి అది నిలువునా చీలి ఉంటుంది, తుంగకు చీలిక లేని గొట్టంలా ఉంటుంది. గడ్డి కుటుంబాన్నీ తుంగ కుటుంబాన్నీ విడదీయడానికి పొలంలో నిలబడి, ఏ పరికరమూ లేకుండా చూడదగ్గ గుర్తులివి. ఒకసారి చూపిస్తే బడిపిల్లలు కూడా మర్చిపోరు.

కాడ చివర ఆకుల్లాంటి రెండు మూడు పుచ్ఛాలు, వాటి నడుమ నుంచి పొడుగూ పొట్టీగా మూడు నుంచి పది దాకా రెమ్మలు. ఒక్కో రెమ్మ కొసన మూడు నుంచి పది చిరుకంకులు. ఈ విద్యలోని సొగసంతా ఆ చిరుకంకి దగ్గరే ఉంది. మామూలు కంటికి అది ఎరుపు కలిసిన గోధుమరంగు పుల్ల, ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్లకు మించని వెడల్పు. భూతద్దం కింద పెడితే ఆ పుల్ల విడిపోతుంది: ఇరువైపులా రెండు వరసల్లో ఒకదాని మీద ఒకటి ఒరిగిన పొలుసులు, ఒక్కోటి సుమారు మూడు మిల్లీమీటర్లు, మధ్యలో ఆకుపచ్చ చార, పక్కలు ముదురు ఎరుపు. ప్రతి పొలుసు చాటునా ఒక పువ్వు. దానికి రేకులు లేవు, రంగుల్లేవు, తేనె లేదు. మూడు కేసరాలు, ఒక అండాశయం, దాని మీద పొడవైన కీలం, పొలుసు దాటి బయటికి వంగే మూడు కీలాగ్రాలు. గాలి మోసుకొచ్చే పుప్పొడి కోసం ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. సూదితో పొలుసులన్నీ ఊడదీస్తే నడిమి ఈనె మిగులుతుంది, దాని అంచులకు గాజుపొరలాంటి తెల్లటి రెక్కలు. ఆ రెక్కలు ఉన్నాయా లేవా, ఉంటే ఎంత వెడల్పు అన్నది కూడా రాసుకోవాలి. జాతిని తేల్చేటప్పుడు పనికొస్తుంది.

మైక్రోస్కోపు ఉన్నవాళ్లకు ఇంకో వింత కనిపిస్తుంది. మామూలుగా ఒక పుప్పొడి తల్లికణం విభజన చెంది నాలుగు పుప్పొడి రేణువులవుతుంది. తుంగ కుటుంబంలో ఆ నాలుగింటిలో మూడు క్షీణించిపోతాయి, ఒక్కటే రేణువుగా నిలుస్తుంది. ఆ కుటుంబానికే ఇదో ముద్ర.

ఇంత వివరం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ తన స్పీసీస్ ప్లాంటారమ్‌లో సైపరస్ రొటండస్‌కు పేరు పెట్టి, అది ఇండియాలో ఉంటుందని రాశాడు. ఆయన వర్గీకరణ కేసరాలనూ కీలాలనూ లెక్కపెట్టడం మీద నడిచింది. మూడు కేసరాలు, ఒక కీలం ఉంది కాబట్టి తుంగ వెళ్లి కుంకుమపువ్వు మొక్క పక్కన కూర్చుంది. ఆరు కేసరాలున్న పాపానికి వరి తక్కిన గడ్డి జాతులకు దూరమైంది. ఒక్క లక్షణాన్ని పట్టుకుంటే ఇలాగే అవుతుంది. 1789లో మరో వృక్షశాస్త్రజ్ఞుడు జుస్యూ మొక్క మొత్తాన్నీ, అనేక లక్షణాలనూ కలిపి చూసి కుటుంబాలుగా కూర్చాడు. తుంగ కుటుంబం అప్పుడు నిలబడింది. ఈ కాలపు జన్యు పరిశోధనలు వరినీ తుంగనూ చెరువుల్లోని జమ్మునూ ఒకే క్రమంలో చేర్చాయి. తుంగ కుటుంబంలో ఇప్పుడు సుమారు 5,500 జాతులున్నాయి.

ఈ కథలో తెలుగునేలకూ వాటా ఉంది. లినేయస్ శిష్యుడు యోహాన్ గెరార్డ్ కోనిగ్ 1768లో డేనిష్ మిషన్ వైద్యుడిగా తరంగంబాడి చేరాడు. ఆయన పంపిన ఎండు మొక్కలను కోపెన్‌హేగన్‌లో రాట్‌బోల్ అనే ఆచార్యుడు పరిశీలించి, 1773లో తుంగ జాతుల మీద బొమ్మలతో పుస్తకం తెచ్చాడు. తమిళనాట పత్తమడై చాపలకు వాడే కోరైకి సైపరస్ పంగోరై అన్న పేరు పెట్టింది ఆయనే. కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. దగ్గర్లోని సామర్లకోటలో తోట పెంచుతూ మొక్కలను వర్ణిస్తున్న రాక్స్‌బర్గ్ ఆయన మిత్రుడు. రాక్స్‌బర్గ్ చాలా మొక్కల కింద వాటి తెలుగు పేర్లు కూడా రాసిపెట్టాడు, అందుకు మనం ఎంతో రుణపడి ఉన్నాం. ఆ తర్వాత బెంగాల్‌లో విద్యాశాఖాధికారిగా పనిచేసిన సి.బి. క్లార్క్, హూకర్ సంపాదకత్వంలోని ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా కోసం దేశంలోని తుంగ జాతులన్నిటినీ ఒక కొలిక్కి తెచ్చాడు. గ్యాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షసంపద గ్రంథం నిజాం ఏలుబడి సరిహద్దు దగ్గరే ఆగింది, మెదక్ అందులోకి రాలేదు. ఈ ప్రాంతాన్ని కలుపుకున్న రాష్ట్రస్థాయి గ్రంథం, టి. పుల్లయ్య, ఆయన సహచరులు రాసిన ఫ్లోరా ఆఫ్ ఆంధ్రప్రదేశ్ సంపుటాలుగా 1997లో గానీ రాలేదు.

వర్గీకరణ ఎప్పటికీ రాతిమీద గీత కాదు. తడి నేలల్లో తెల్లగా పచ్చగా చిన్న గుండ్రటి తలతో కనిపించే పొట్టి తుంగ ఒకటుంది. రాట్‌బోల్ దాన్ని కిలింగా అనే కొత్త ప్రజాతిలో పెట్టాడు, పదిహేడో శతాబ్దపు డేనిష్ వృక్షశాస్త్రజ్ఞుడు పీటర్ కిలింగ్ పేరు మీద. దానికి మూడు కాకుండా రెండే కీలాగ్రాలు, గింజ మూడు పలకలుగా కాకుండా ఇరువైపులా నొక్కినట్టు ఉంటుంది. వేరుగా పెట్టడానికి ఇంతకంటే మంచి కారణం ఏముంటుంది? అయినా బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంలో ఇసబెల్ లారిడాన్ బృందం చేసిన డీఎన్ఏ పరిశోధన కిలింగా సైపరస్ కొమ్మలోనే పుట్టిందని తేల్చింది. ఇప్పుడది సైపరస్ బ్రెవిఫోలియస్. కొత్త పేరు వెనుక రాట్‌బోల్ పేరును కుండలీకరణంలో ఉంచి, మార్చినవాడి పేరు బయట రాస్తారు. మొదట చూసినవాడి గౌరవం చెరిగిపోకుండా ఉంచే ఈ మర్యాద నాకు చాలా ఇష్టం. డీఎన్ఏ వచ్చాక పాత వర్ణనలకు విలువ పోయిందనేవాళ్లున్నారు. ఏ మొక్క డీఎన్ఏ తీశారో చెప్పడానికి మళ్లీ ఆ వర్ణనే కావాలి.

పొలంలో దీని ప్రయోజనం ఇంకా సూటిగా కనిపిస్తుంది. మెదక్ వరి మడుల్లో తుంగ అంటున్నది ఒక్క జాతి కాదు. సైపరస్ డిఫార్మిస్ ఉంది, తలలు గుండ్రటి ముద్దలుగా ఉంటాయి. సైపరస్ ఇరియా ఉంది, చిరుకంకులు పసుపు డాలు. ఈ రెండూ ఏడాది మొక్కలు, దుంపల్లేవు, విత్తనంతోనే వస్తాయి. గింజ రాలకముందే పీకేస్తే వచ్చే కారుకు బరువు తగ్గుతుంది. సైపరస్ రొటండస్ సంగతి పూర్తిగా వేరు. దానికి పనికొచ్చే గింజ కట్టడమే అరుదు, బతుకంతా దుంపల మీదే. గొలుసు తెగకుండా ఉన్నంతకాలం కొసన ఉన్న మొగ్గలు మొలిచి వెనకవాటిని నిద్రపుచ్చుతాయి. నాగలితోనో రోటవేటర్‌తోనో గొలుసును ముక్కలు చేస్తే నిద్రలో ఉన్న ప్రతి దుంపా లేస్తుంది. తడిలో దున్ని తుంగను పెంచుకున్న రైతులు ఎందరో. అదే ఏప్రిల్, మే ఎండల్లో లోతు దుక్కి చేసి పెళ్లలు తిరగేసి వదిలేస్తే బయటపడ్డ దుంపలు ఎండి చస్తాయి. గడ్డి జాతులను మాత్రమే చంపే సైహలోఫాప్ లాంటి మందు కొట్టి తుంగ చావలేదని వాపోవడం కూడా కుటుంబం తెలియకపోవడం వల్ల వచ్చే నష్టమే. 1977లో లెరాయ్ హోల్మ్, ఆయన సహరచయితలు ప్రపంచపు అతి చెడ్డ కలుపు మొక్కల మీద రాసిన గ్రంథంలో ఈ జాతికే మొదటి స్థానం ఇచ్చారు.

మందుల కొట్లో అవే దుంపలు తుంగముస్తలు. జ్వరానికి ఆయుర్వేదంలో ఇచ్చే షడంగ పానీయంలో ఒక ద్రవ్యం. నాగరముస్త పేరుతో సైపరస్ స్కారియోసస్ కూడా అమ్ముడుపోతుంది కాబట్టి ఇక్కడా జాతి తేల్చుకోక తప్పదు. ఈ దుంపల్లో మొదట దొరికినందుకు రొటండోన్ అని పేరు పడ్డ పదార్థమే మిరియాల సువాసనకూ, షిరాజ్ ద్రాక్ష సారాలోని మిరియపు వాసనకూ కారణమని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2008లో చూపించారు.

మెదక్ డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయులు ఈ పని చేయగలరు, చేయాలి కూడా. వానాకాలం పంట కోతలకు ముందు, గింజ ముదిరిన సమయం దీనికి అనువైనది. గింజ లేని నమూనాతో చాలా తుంగ జాతులను తేల్చలేం. దుంపలతో సహా తవ్విన మొక్కను దినపత్రికల మధ్య పరిచి, పొడవైతే ఆంగ్ల వి అక్షరంలా మడిచి, బరువు పెట్టి, తడి కాగితాలు రోజూ మార్చాలి. ఎండాక సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అట్ట మీద కుట్టి, రాలిన గింజలను చిన్న కవరులో వేసి అదే అట్టకు అతికించాలి. కుడివైపు అడుగున చీటీ: తేదీ, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, మడా గట్టా ఇసుకా, నీళ్లు ఎంత లోతు, తాజాగా ఉన్నప్పటి రంగూ వాసనా, సేకరించినవారి పేరు, వారి వరస సంఖ్య. అక్కడ కలుపు తీస్తున్నవాళ్లు దాన్ని ఏమని పిలుస్తారో అడిగి వాళ్ల మాటలోనే రాయాలి. ఒక ప్రతి కాలేజీలో ఉంచుకుని, రెండోది హైదరాబాదులోని భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ డెక్కన్ ప్రాంతీయ కేంద్రానికి పంపితే జాతి నిర్ధారణ సరిచూసుకోవచ్చు. పోచారం కింది మడులతో మొదలుపెట్టి ఏడుపాయల దాకా ఒక్క పంటకారులోనే తిరగవచ్చు.